నాలుక మడిచే సారు

ఆ జీవశాస్త్రం సారును నేను ఈనాటికీ క్షమించలేదు. క్షమించమని అయ్యగారు చాలాసార్లు చెప్పారు. మా సంఘంలో పాస్టరుగారిని అయ్యగారు అనే పిలుస్తాం. మోకాళ్ల మీద ఉండి ప్రయత్నించాను కూడా. ప్రార్థనలో సారు పేరు దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయేది. ఆగింది ఆగినట్టే ఉండనిచ్చి ఆమేన్ అనేదాన్ని.

తొంభైల మధ్యలో మాట. మా ఇల్లు చిక్కడపల్లిలో, బడి అశోక్ నగర్‌లో, మందిరం నారాయణగూడలో. పదో తరగతిలో అనువంశికత పాఠం మొదలైన రోజు సారు నల్లబల్ల ముందు నిలబడి నాలుక బయటపెట్టాడు. రెండు అంచులూ పైకి లేచి నాలుక గొట్టంలా చుట్టుకుంది.

"చూసిండ్రా? ఇది అందరికీ రాదు. అమ్మకన్నా రావాలె, నాయినకన్నా రావాలె. ఇద్దరికీ రాకుంటే పిల్లలకు రానే రాదు. ఇంటికి పోయి చూసుకొని రాండ్రి."

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక మా ఇంట్లో ఒకటే నవ్వులు. నాకు మొదటిసారికే వచ్చింది. అమ్మ నాలుక పలకలా ఉండిపోయింది. నాన్న బుగ్గలు, కనుబొమ్మలు అన్నీ కదిలించాడు కానీ నాలుక మాత్రం కదల్లేదు. మర్నాడు తరగతిలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అబద్ధమాడే అలవాటు మా ఇంట్లో లేదు.

సారు సుద్దముక్క కింద పెట్టాడు. "గట్ల కాదే. రూల్ ఒప్పుకోదు. మీ ఇంట్ల మీది పోర్షన్ల కిరాయికి ఎవరున్నరు?"

"ఒక అంకుల్ సార్. ఆఫీసుకు పోతడు. ఒక్కడే ఉంటడు."

"ఆయన నాలుక గూడ జర చూసి రా."

తరగతి పగలబడి నవ్వింది. వెనక బెంచీల నుంచి ఎవడో ఈల వేశాడు. ఆ మాటకు అర్థం నాకు ఇంటికి నడుస్తుంటే దారిలో తెలిసింది. తెలిశాక రోడ్డు పక్కన పుస్తకాల సంచి కింద పెట్టేశాను.

నా తరగతిలో ఉన్న ఒక అమ్మాయి తల్లి మా సంఘస్థురాలే. బుధవారం స్త్రీల ప్రార్థనలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ మా అమ్మ. ఆ వారం అమ్మ గొంతు సవరించుకుంటుండగా పక్కన కూర్చున్న ఆ తల్లి అడిగింది. "వదినా, నీ బిడ్డ నాలుక మస్తు మడుస్తదంట గద. ఎవరి పోలిక?"

నలుగురు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ పాట ఎత్తలేదు. తరువాతి బుధవారం తలనొప్పి అంది. ఆదివారాలు తలుపు దగ్గర చివరి చాప మీద కూర్చుని, ఆశీర్వాద ప్రార్థన కాకముందే లేచి వచ్చేసేది. పైపోర్షన్ అంకుల్ చెవిన కూడా పడినట్టుంది. మా మొహాలు చూడకుండా సామాను సర్దుకుని నల్లకుంట వెళ్లిపోయాడు. నాన్న పొద్దున్నే గడ్డం గీసుకునే అద్దం ముందు, మొహమంతా సబ్బు నురగతో, నాలుక బయటపెట్టి మడవడానికి కష్టపడేవాడు. నేను చూశానని ఆయనకు తెలియదు.

సారు దగ్గరికి వెళ్లి అడిగాను. "సార్, మీరు అన్నది తప్పని క్లాస్‌ల చెప్పండి."

"జోక్ చేసిన తల్లీ. గింత దానికి పరేషాన్ ఎందుకు? కానీ సైన్స్ సైన్సే. నీ కోసం రూల్ మార్చాల్నా?"

శత్రువుల పళ్లు విరగ్గొట్టమని దేవుణ్ణి అడిగే ప్రార్థనలు మా గ్రంథంలో ఉన్నాయి. సండే స్కూల్లో వాటిని తొందరగా దాటించేవారు. నేను వాటిని కంఠతా పట్టాను. పళ్లకు బదులు నాలుక అని మార్చుకున్నాను.

నా ప్రార్థనకు జవాబు త్వరగానే దొరికింది. సారు మందిరం మొహం చూడటం మానేశాడు గానీ ఆయన తల్లిదండ్రులు మా సంఘంలో పాతవాళ్లు. కవాడిగూడలో ఉండేవారు. సారు తల్లిని అందరూ అవ్వ అనేవారు. ఆరాధన అయ్యాక ఆమె పక్కన కూర్చున్నాను. "అవ్వా, బడిల పని ఇచ్చిండ్రు. నాలుక ఇట్ల మడుస్తరా జర?"

అవ్వ ఉత్సాహంగా నాలుక బయటపెట్టింది. రాలేదు. మగవాళ్ల వైపు తిరిగి భర్తను కేకేసింది. "ఓ ముసలోడా, ఇటు రా, నాలుక తీయ్!" తాతకూ రాలేదు. "మా కొడుకు మాత్రం చిన్నప్పటి సంది మస్తు మడుస్తడు బిడ్డా," అంది మురిసిపోతూ.

నేను వందనాలు చెప్పి లేచాను. అవ్వకు ఏమీ చెప్పలేదు. కోత పండుగ దాకా ఆగాలనుకున్నాను. ఆ ఆదివారం గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, తరువాత వేలం వేస్తారు. మందిరానికి రాని కొడుకులను కూడా తల్లులు ఆ రోజు లాక్కొస్తారు. అవ్వ సారును లాక్కొచ్చింది. తెల్ల చొక్కాతో వెనక నిలబడ్డాడు.

సాక్ష్యాల సమయంలో ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పవచ్చు. నేను లేచాను.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. అమ్మకు, నాయినకు నాలుక మడవరాకుంటే బిడ్డకు రాదని మా సార్ చెప్పిండు. మా అమ్మకు రాదు, నాయినకు రాదు, నాకొస్తది. అందుకని మా అమ్మను అందరు మాటలన్నరు. మా సార్‌కు గూడ వస్తది. అవ్వకు రాదు, తాతకు రాదు. నేను అడిగి చూసిన. సార్ లెక్కల మా అమ్మ తప్పు చేస్తే అవ్వ గూడ చేసినట్టే. కాదంటే సార్ ఇప్పుడే చెప్పాలె. దేవునికి స్తోత్రం."

 అవ్వ చాప మీద నుంచి చెయ్యి ఊని లేచింది.

"ఏందిరా? గా మాట అన్నవారా నువ్వు?"

"అమ్మా, గది పుస్తకంల ఉన్న రూల్..."

"మీ నాయినకు రాదు, నాకు రాదు. మరి నువ్వు యాడికెల్లి వచ్చినవ్ రా? చెప్పు పదిమందిల!"

తాతకు సరిగా వినపడదు. "ఏమంటుండు?" అని పక్కవాణ్ణి గట్టిగా అడిగాడు. మగవాళ్ల వైపు నవ్వు మొదలైంది. ఆ రోజు మా తరగతి నవ్వినంత కాదు గానీ నాకు చాలింది. సారు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ రూల్ అందరికీ... నాలుకను చూసి గట్ల చెప్పరాదు," అన్నాడు. "నేను అన్నది తప్పు."

"నాకు గాదు. ఆ పిల్ల తల్లికి చెప్పు."

చెప్పాడు. వినీవినపడకుండా చెబితే అవ్వ మళ్లీ చెప్పించింది. ఆ తరువాత తలుపు దగ్గరికి నడిచి వెళ్లి అమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చి నిలబెట్టింది. "పాట ఎత్తుకో బిడ్డా." అమ్మ ఎత్తుకుంది. రెండో చరణానికి సంఘమంతా కలిసింది. బుధవారం నాడు పోలిక అడిగిన తల్లి అందరికంటే గట్టిగా అందుకుంది. ఆమెను కూడా నేను చూస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ ఆటోలో, వేలంలో పాడుకున్న గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పెద్దామెను గంత మందిల నిలబెడ్తవా?" అని కసిరింది. కసురుతూనే నా మోకాలి మీద చెయ్యి వేసింది. దాన్ని ఇల్లు చేరే దాకా తీయలేదు.

అచ్చం ఒకేలా ఉండే కవల పిల్లల్లో కూడా ఒకరికి నాలుక మడవడం వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చని పై చదువుల్లో తెలిసింది. అంటే సారు రూలే సరైనది కాదు. ఆయన ఇల్లు తెలుసు, వెళ్లి చెప్పవచ్చు. చెప్పలేదు. తన పుట్టుక మీద తనకున్న అనుమానం ఆయన దగ్గరే ఉండనీ అనుకున్నాను.

పదో తరగతిలో ఆ ఏడాది మిగిలిన పాఠం ప్రకృతి వరణం. పరిస్థితులకు తగిన జీవులు మిగులుతాయని, తగనివి రాలిపోతాయని సారు బల్ల మీద రాసేవాడు. దేవుని సృష్టి గురించి నా విశ్వాసం నాది. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాశాను. నేను మొదటి బెంచీకి మారాను. సారు రాయడం ఆపి ఇటు తిరిగిన ప్రతిసారీ నా నోరు కొంచెం తెరిచి ఉండేది. నాలుక గొట్టంలా మడిచి ఉండేది. ఆయన గబుక్కున మళ్లీ బల్లవైపు తిరిగేవాడు.