వాలేలేవులో కొన్న చలికోటు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాణ్ణి. ఫిజీ దీవుల్లోని లబాసాలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పే మాస్టర్ని నేను. చెరకు తోటల మధ్య పెరిగాను. మా వైపు ప్రతి కాలువకీ, ప్రతి వంతెనకీ ఒక దెయ్యం కథ ఉంటుంది. వాటిలో ఒక్కటి కూడా నేను నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్నది దెయ్యం కథ అని కూడా అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

మా తాతలు గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి చెరకు పనికి వచ్చిన తెలుగువాళ్లు. నాకు తెలుగు చదవడం, రాయడం మా నాన్న పక్కన కూర్చోబెట్టుకుని, చెవి మెలిపెట్టి మరీ నేర్పించాడు. ఇంట్లో ఆ భాష మా అమ్మతోనే. నా భార్య సరోజినితో, మా పాప ప్రియతో మాట్లాడేది ఫిజీ హిందీ.

ఇది తొంభైల్లో మాట. ప్రియకి అప్పుడు ఏడేళ్లు. బ్రిస్బేన్‌లో స్థిరపడ్డ సరోజిని అన్నయ్య, అక్కడికి దగ్గర్లో ఉన్న ఒక పెద్ద థీమ్ పార్కు రంగుల కాగితం పంపాడు. పిల్ల దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది. జీవితంలో ఒక్కసారైనా తీసుకెళ్దాం అనుకున్నాం. ఒక మాస్టరు జీతం మీద అది చిన్న కోరిక కాదు.

నా పిసినారితనం మా స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు, నాకేం సిగ్గు లేదు. రెండేళ్లు సినిమా ముఖం చూడలేదు. సెలవుల్లో ట్యూషన్లు చెప్పాను. అందరూ వెళ్లే రోజుల్లో కాకుండా రేటు తగ్గే రోజులు చూసి విమానం టికెట్లు తీసుకున్నాను. అవి వాడుకోకపోతే ఒక్క సెంటు తిరిగి రాదు. పార్కు టికెట్లు బావగారు ముందుగానే తక్కువలో కొని పెట్టాడు. బస వాళ్లింట్లోనే. సూట్‌కేసులు పక్కింటివాళ్లవి. లబాసా నుంచి వేరే దీవిలో ఉన్న రాజధాని సువాకి విమానం ఎక్కకుండా బస్సులో సావుసావు వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి సువా చేరి, పక్కనే ఉన్న వాలేలేవులో మా చెల్లెలి ఇంట్లో ఆగి, మళ్లీ బస్సులో నాందీ విమానాశ్రయానికి వెళ్లేలా ఏర్పాటు చేశాను.

మిగిలింది చలికోటు. మేం వెళ్లేది జూలైలో, అక్కడ అప్పుడు చలికాలం. మా దగ్గర చలికోటు అమ్మే షాపూ ఉండదు, వేసుకునే రోజూ ఉండదు. వీసా పనిమీద సువా వెళ్లినప్పుడు వాలేలేవులో సెకండ్‌హ్యాండ్ బట్టల షాపులోకి దూరాను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నుంచి మూటలుగా వచ్చే బట్టలు అవి. గుట్టలో చెయ్యి పెడితే లేత నీలం రంగు కోటు దొరికింది. దూది కూరింది, దాదాపు కొత్తది, ప్రియకి సరిగ్గా సరిపోయే కొలత. గొప్ప బేరం చేశానని చెల్లెలి దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఇంటికి తేగానే అమ్మ కోటును అటూ ఇటూ తిప్పి చూసింది. మా ఇళ్లలో ఏ బట్టయినా మొదటిసారి ఒంటి మీద వేసుకునే ముందు మూలకి కాస్త పసుపు రాస్తారు. తాతల నాటి అలవాటు. తెలుగు మర్చిపోయిన ఇళ్లు కూడా దాన్ని మర్చిపోలేదు.

"ఎవురు ఏసుకున్న బట్టో మాలూమ్ నై. పసుపు పెట్టు నాయనా," అంది అమ్మ.

నేను వద్దన్నాను. తిరిగొచ్చాక ఆ కోటును మా స్కూల్లోనే ఇంకో మాస్టరు తన పాప ప్రయాణానికి కొనుక్కుంటానన్నాడు. లేత నీలం మీద పసుపు మరక పడితే ఎవరు కొంటారు?  అమ్మ దాన్ని సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసింది. జేబులు నేనే వెతికాను. కథల్లో అయితే చిరిగిన టికెట్టో, పేరు కుట్టిన గుడ్డముక్కో దొరకాలి. ఏమీ లేదు.

కొలత చూడటానికి వేసిన కోటును ప్రియ విప్పలేదు. లబాసా ఎండలో, రేకుల కప్పు కింద, మెడ దాకా జిప్పు లాక్కుని కూర్చుంది. మేం నవ్వాం. ప్రయాణం సంబరం అనుకున్నాం. వింత ఏమిటంటే పిల్లకి చెమట పట్టలేదు. అది నేను తర్వాత గుర్తు చేసుకున్నాను, అప్పుడు పట్టించుకోలేదు.

రెండో రోజో, మూడో రోజో ప్రియ వాళ్ల నానమ్మకి పార్కు గురించి చెబుతోంది. గేటు దాటగానే ఎడమవైపు నీళ్ల పక్కన ఒక బెంచీ ఉంటుందట. తప్పిపోతే వెళ్లి అక్కడ కూర్చోవాలట, ఎవరు పిలిచినా కదలకూడదట. ఎవరు చెప్పారని అడిగితే నా వైపు జాలిగా చూసింది. రంగుల కాగితం తీసి చూశాను. అందులో బెంచీ లేదు. స్కూల్లో ఎవరో చెప్పి ఉంటారని సరిపెట్టుకున్నాను.

కుడిచేయి సంగతి మొదట చూసింది అమ్మే. కోటు వేసుకున్నప్పుడు ప్రియ కుడిచేయి కొంచెం పైకెత్తి, వేళ్లు ముడిచి నడిచేది. పెద్దవాళ్ల చేయి పట్టుకున్న పిల్లలు నడిచే తీరు అది. అమ్మ నాతో ఒక్కసారే అంది, "ఎవురిదో చెయ్యి పట్టుకొని నడస్తాంది రా పిల్ల." నేను విసుక్కున్నాను. కానీ ఆ మాట విన్నాక ఆ చేతి వైపు చూడకుండా ఉండలేకపోయాను.

బయల్దేరిన రోజు పొద్దున బస్సులో ప్రియ కిటికీ పక్కన కూర్చుంది. పక్కన నేను కూర్చోబోతే చోటు లేదంది. సీటు ఖాళీగానే ఉంది. ఆట అనుకుని వెనక సీట్లో సరోజిని పక్కన కూర్చున్నాను. కొండల మీద మలుపుల్లో బస్సు ఊగుతుంటే నిలబడ్డ జనం అటూ ఇటూ తూలుతున్నారు. అయినా ఆ ఖాళీ సీట్లో ఒక్కరూ కూర్చోలేదు. ఎందుకని అప్పుడు నాకు తట్టలేదు.

సావుసావు రేవులో మంచి ఎండ. ఎండుకొబ్బరి వాసన, దూరంగా తెల్లవాళ్ల తెరచాప పడవలు, ఓడలోకి ఎక్కుతున్న లారీలు. ఎక్కడా భయపడాల్సింది ఏమీ లేదు. సరోజిని సామాను దగ్గర కూర్చుంది. నేను టికెట్ల వరసలో నిలబడ్డాను. ప్రియ ఆ నీలం కోటుతోనే తల్లికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఓడ వైపు చూస్తోంది.

సరోజిని మంచినీళ్ల సీసా తీసుకుని దగ్గరికి వెళ్లి, తాగమని పిల్ల భుజం మీద చేయి వేసింది. ప్రియ మెల్లగా పక్కకి జరిగింది. వరసలో ఉన్న నాకు కూడా స్పష్టంగా వినిపించింది.

"నో థాంక్యూ. ఐ యామ్ వెయిటింగ్ ఫర్ మై మమ్."

తల్లితో ఇంగ్లీషులో మాట్లాడే పిల్ల కాదు ప్రియ. స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు ఉందిగానీ, ఆ గొంతు, ఆ పలికే తీరు స్కూల్లో నేర్చుకున్నవి కావు. ముక్కూ మొహం తెలియని ఆవిడతో మర్యాదగా మాట్లాడినట్టుంది. సరోజిని సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను వరస వదిలి వచ్చేలోపు ఓడ కూత వేసింది, జనం ఒక్కసారిగా లేచారు, మా మధ్య ఒక లారీ అడ్డం వచ్చింది.

లారీ కదిలేసరికి ప్రియ లేదు.

ఆ తర్వాత ఎంతసేపు వెతికామో చెప్పలేను. ఎక్కువసేపు అయి ఉండదు.  ఆ క్షణంలో నేను సైన్సు మాస్టర్ని కాను, ఎవర్నీ కాను. జనంలో దూరి పిల్ల పేరు అరుస్తున్నాను. ముందు సరోజినికే కనిపించింది. ఓడలోకి ఎక్కే ఇనుప వాలు అంచున, కుడిచేయి పైకెత్తి, తొందరేమీ లేకుండా నడుస్తోంది. వాలుకీ రేవు గోడకీ మధ్య సందులో నీళ్లు ఎగిసిపడుతున్నాయి. మేం చూస్తుండగానే నేరుగా అటు తిరిగి, ఆ సందు మీదికి అడుగు వేసింది.

ఓడలో పనిచేసే ఒక ఫిజియన్ మనిషి, ఈ దీవుల మూలవాసి, కోటు వెనక పట్టుకుని పైకి లాగాడు. ఒక చెప్పు నీళ్లలో పడింది. పిల్ల ఏడవలేదు, ఉలిక్కిపడలేదు.

నేను అతని చేతులు పట్టుకుని ఏదేదో అన్నాను.  మా లబాసా వైపు ఫిజియన్లకి మన హిందీ బాగా వచ్చు. "ఉస్కె మమ్మీ హాథ్ పకడె రహా. హమ్ సోచా ఠీక్ హై," అన్నాడు. తల్లి చేయి పట్టుకునే ఉంది కదా, ఫరవాలేదు అనుకున్నాడట. అందుకే ముందే ఆపలేదట.

నేను సరోజినిని చూపించి, తల్లి ఈవిడేనని చెప్పాను. అతను ఆమె ముఖంలోకి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఈవిడ కాదన్నాడు. మరి ఎలా ఉంది, ఏ వయసు, ఏ బట్టలు అని అడగాల్సింది. ఇరవై ఏళ్లు పిల్లలకి ప్రశ్నలు అడగడం నేర్పినవాణ్ణి, ఒక్కటీ అడగలేదు. ఎవరో పిలిస్తే అతను వెళ్లిపోయాడు.

సరోజిని అక్కడే కూలబడి కోటు జిప్పు లాగేసింది. అప్పుడు మొదలుపెట్టింది ప్రియ ఏడుపు. రెండు చేతులూ పట్టుకుంటేగానీ విప్పలేకపోయాం. సరోజిని ఆ కోటును ఉండగా చుట్టి సముద్రంలోకి విసిరింది. అది మునగలేదు. చేతులు రెండూ చాపుకుని చాలాసేపు తేలింది. దూదిలో గాలి ఉంటుంది కాబట్టి తేలుతుంది, అందులో వింతేమీ లేదు. అయినా నేను అటు చూడలేకపోయాను.

"హమ్ లోగ్ నై జాయేగా," అంది సరోజిని. మనం వెళ్లడం లేదని.

విమానం టికెట్లు, పార్కు టికెట్లు, రెండేళ్లు కడుపు కట్టుకుని కూడబెట్టింది అంతా కళ్ల ముందు తిరిగింది. కోటు పోయింది కదా, ఇంక వెళ్దాం అనడానికి నోరు తెరిచాను. ప్రియ చెప్పులేని కాలు చూశాను. సామాను తీసుకుని బస్సుల వైపు నడిచాను. వెనక ఓడ మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో ప్రియ తల్లి ఒళ్లో పడుకుంది. సగం దారిలో కళ్లు తెరిచి, "మమ్మీ, భూఖ్ లగే," అంది. ఆకలేస్తోందని. దారి ఖర్చు కలిసొస్తుందని కట్టుకున్న రోటీ, బంగాళదుంప కూర పొట్లం అక్కడే విప్పాం. పిల్ల తింటుంటే సరోజిని నిశ్శబ్దంగా ఏడ్చింది. నాకు కూడా ఏడుపొచ్చింది, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

 ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ ఉప్పు, మిరపకాయలతో పిల్లకి దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఎప్పుడూ వేళాకోళం చేసే నేను ఆ రోజు పక్కనే నిలబడ్డాను. స్టాఫ్‌రూంలో మాత్రం నెల రోజులు నవ్వారు. ఓడ చూసి భయపడి వెనక్కొచ్చిన మాస్టరు అని పేరు పెట్టారు. అననీ అనుకున్నాను.

మా పార్కు టికెట్లతో బావగారు తన పిల్లల్ని తీసుకెళ్లాడు. ఫోన్‌లో ఏదో మాటల్లో పెట్టి, గేటు దాటగానే ఎడమవైపు ఏముందని అడిగాను. చిన్న చెరువు, దాని పక్కన తప్పిపోయిన పిల్లలు కూర్చునే బెంచీ ఉన్నాయన్నాడు. నీకెలా తెలుసన్నాడు. కాగితంలో చూశానని అబద్ధం చెప్పాను.

కారణాలు నేను వెతక్కపోలేదు. ఎండదెబ్బ కావచ్చు. పిల్లల ఊహలు కావచ్చు. ఆ ఓడ మనిషి వేరే తల్లీబిడ్డల్ని చూసి పొరబడి ఉండవచ్చు. ఒక్కొక్కటీ విడిగా నమ్మొచ్చు. అన్నీ కలిపి నమ్మడం నా వల్ల కాలేదు. డాక్టరుకి చూపిస్తే పిల్ల బాగానే ఉందన్నాడు. నిజంగానే బాగుంది. చదువుకుంది, లౌటోకాలో ఉద్యోగం, పెళ్లి, ఒక కొడుకు. ఆ ప్రయాణం మాట తనూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

కిందటేడు సెలవులకి వచ్చింది. టీవీలో ఏదో పార్కు చూపిస్తుంటే మనవడు అక్కడికి వెళ్దామని గోల పెట్టాడు. ప్రియ వాడిని ఒళ్లోకి లాక్కుని, తను చిన్నప్పుడు వెళ్లానని చెప్పడం మొదలుపెట్టింది. వాన పడిందట. నీలం కోటు తడిసి బరువెక్కిందట. బెంచీ మీద చాలాసేపు కూర్చుందట. జనం అంతా వెళ్లిపోయారట, దీపాలు ఒక్కొక్కటీ ఆర్పేశారట. కదలొద్దన్నారు కాబట్టి తను కదల్లేదట.

మా అమ్మాయి ఈ రోజు వరకు ఫిజీ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఆ మాటే అనబోయాను. సరోజిని చేత్తో వారించింది.

ప్రియ మా ఇద్దరి వైపు తిరిగింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఎన్నాళ్లుగానో అడగాలనుకుని మర్చిపోతున్న చిన్న విషయం ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"డాడీ, తుమ్ లోగ్ కాహే నై ఆయా?"

మీరెందుకు రాలేదు అని.