అత్తయ్యగారి నెమళ్ళు, నా ఫోర్‌కే టీవీ

మనిషి తన పరువును ఎన్ని రకాలుగా పోగొట్టుకోవచ్చో చాలామందికి తెలియదు. నేను నా పరువును ఒక ఆదివారం మధ్యాహ్నం, అత్తవారింట్లో, వీధి ఆడవాళ్ళందరూ చాపల మీద కూర్చుని కళ్ళప్పగించి చూస్తుండగా, రిమోటు చేత్తో పట్టుకుని పోగొట్టుకున్నాను. ఇందులో ఎవరి సాయమూ లేదు. పూర్తిగా నా సొంత కష్టం. పైగా చదువుకుని మరీ చేశాను.

చదువంటే కాలేజీ చదువు అనుకునేరు. నా కాలేజీ ఇంటర్‌తో సరి. రాజమండ్రిలో ఒక ఎరువుల కొట్లో బిల్లులు రాసే ఉద్యోగం. సాయంత్రం కొట్టు కట్టెయ్యగానే గ్రంథాలయంలో తేలేవాణ్ణి. తేనెటీగల పెంపకం, నక్షత్రాలు, మూత్రపిండాలు, ఓడల నిర్మాణం... ఏ బీరువా తలుపు తెరిచి ఉంటే అది. "ఫ్యాన్లు కట్టేస్తున్నానండి" అని లైబ్రేరియన్ గారు రెండోసారి అరిస్తే తప్ప కుర్చీ వదిలేవాణ్ణి కాను. ఈ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. జరిగిందంతా విని మీరు ఎంత నవ్వినా సరే, అందులో ఆవగింజంత కూడా తగ్గించుకోను.

చిక్కల్లా, చదివింది కడుపులో దాచుకోవడం అప్పట్లో నాకు చేతకాకపోవడం. పెళ్ళయిన కొత్త. అత్తవారిది నరసాపురం. అక్కడ కొత్త అల్లుడికి జరిగే మర్యాదలు మీకు తెలియనివి కావు. నేను నోరు తెరిస్తే మావయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టేవారు. అత్తయ్యగారు పొయ్యి కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడేవారు. అంత మంచి శ్రోతలు దొరికితే ఏ మనిషైనా పాడైపోతాడు. పుట్టినప్పటి నుంచీ పులస తింటున్న ఆ మనుషులకి పులసలో ముళ్ళు ఎలా అమరి ఉంటాయో అరగంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. విన్నారండీ! మధ్యలో "ఆహా" అని కూడా అన్నారు.

అత్తయ్యగారి పేరు సత్యవతి. ఊహ తెలిసినప్పటి నుంచి లేసు అల్లుతున్నారు. ఆవిడ చెయ్యి నెమలికి పెట్టింది పేరు. అరచేతిలో ఇమిడే తెల్లదారం నెమలి, పింఛం విప్పి, మెడ వంచి, ఒక కాలు ఎత్తి ఇప్పుడో ఇంకాసేపటికో నాట్యం మొదలుపెట్టేలా ఉంటుంది. అయితే లేసు పనిలో ఒక విచిత్రం ఉంది. నెమళ్ళు ఒకరు అల్లుతారు, పువ్వులు ఒకరు, అంచు ఇంకొకరు. దీన్ని చేతిపని అంటారు. ఆ ముక్కలన్నిటినీ కలిపి పొడవాటి పట్టీలుగా కుట్టేది వేరే మనిషి. అది అతుకుపని. పట్టీలు వ్యాపారి గోడౌనుకి వెళ్ళి, అక్కడ దుప్పటిగా మారి, ఉతికించుకుని, గంజి పెట్టించుకుని, ఓడెక్కి ఎక్కడికో పోతాయి. అత్తయ్యగారు పెళ్ళికూతుళ్ళని సాగనంపినట్టు ఎన్ని నెమళ్ళని సాగనంపారో లెక్కలేదు. అవన్నీ బారులు తీరి నిలబడ్డ దుప్పటిని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

అలాంటిది, డాక్యుమెంటరీ తీసేవాళ్ళు ఎవరో వచ్చారు. అత్తయ్యగారి చేతుల్ని తీశారు, గోడౌన్లో పరిచిన దుప్పటిని తీశారు, వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి కబురొచ్చింది. ఫలానా ఆదివారం ఒక యాప్‌లో విడుదల. ఫోర్‌కేలో తీశాం, దారం పోగు పోగూ కనిపిస్తుంది, పెద్ద టీవీలో చూసుకోండి.

"దుప్పటి మొత్తం చూపిస్తారంటండి అల్లుడుగారూ," అన్నారు అత్తయ్యగారు. అల్లే చేతులు ఆ ఒక్కసారికి ఆగాయి. "నా నెమళ్ళన్నీ ఒకచోట. ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే చాలండి."

ఇంట్లో ఉన్నది పాతకాలపు డబ్బా టీవీ. ఆవిడ వెంటనే చీటీ పాడేశారు. ఏ టీవీ కొనాలో తేల్చే భారం మాత్రం నామీద పెట్టారు.

మీరైతే ఏం చేసేవారు? తెలిసినవాళ్ళని నలుగురిని అడిగేవారు. నేను గ్రంథాలయానికి వెళ్ళాను. అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది, టెలివిజన్ శాస్త్రం మీద. ఆబగా చదివేశాను. తేలిన సారాంశం ఒక్కటే. బొమ్మంతా చుక్కలు. చుక్కలు ఎంత ఎక్కువైతే బొమ్మ అంత స్పష్టం. ఇంతకు మించి టీవీలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఫోర్‌కేలో ఎన్ని చుక్కలో మాత్రం పేపరు ప్రకటన చూసి కంఠస్థం చేశాను.

నేనూ మా ఆవిడ పద్మా షోరూముకి వెళ్ళాం. అమ్మకాల కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏవేం చూస్తారండి టీవీలో? యాప్‌లా, కేబులా?"

"చుక్కలు," అన్నాను.

"ఆయ్?"

"ఫోర్‌కే టీవీలో ఎన్ని చుక్కలుంటాయో తెలుసా మీకు?"

"బోలెడుంటాయండి."

"ఎనభై రెండు లక్షల పైచిలుకు."

"అబ్బో! లెక్కపెట్టారాండి?"

ఆ తర్వాత చుక్కలు, వాటి స్వభావం, రంగులతో వాటి బంధుత్వం గురించి నేను చెబుతుంటే అతను ప్రతి వాక్యానికీ "మీరన్నదే కరెక్టండి" అంటూ నన్ను మెల్లగా షోరూము మూలకి నడిపించుకుపోయాడు. అక్కడ దుమ్ము తుడిచి ఒక టీవీ చూపించాడు.

"ఈ పీసు మీలాంటివారి కోసమే ఉందండి. చాన్నాళ్ళుగా ఎవరికీ అర్థం కాక ఉండిపోయింది."

"నాకు అర్థమైంది," అన్నాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పద్మ నా చొక్కా లాగింది. "ఏవండీ, ఇది పాత మోడల్ లాగుందండి. ఆ యాప్ ఇందులో ఎలా వస్తుందో ఇక్కడే ఒకసారి పెట్టించి చూద్దాం."

"చుక్కలున్నాయి పద్మా. చుక్కలుంటే అన్నీ ఉన్నట్టే."

టీవీ అత్తవారింటికొచ్చింది, దానితోపాటే కొత్త వైఫై డబ్బా కూడా. ఇక్కడితో ఆగి ఉంటే ఈ విషయం నలుగురి మధ్య ఉండిపోయేది. కానీ గోడకెక్కిన ఆ తెరను చూడగానే నాకు ఉత్సాహం పొంగింది.

"అత్తయ్యగారూ, ఇంత తెర మనమొక్కళ్ళమే చూడ్డమేంటండి? లేసు పనివాళ్ళందరినీ పిలుద్దాం. ఉత్తినే కాదు, బొట్టు పెట్టి పిలుద్దాం."

మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మనం ముందోసారి ఏదైనా వేసి చూసుకుంటే..."

"సైన్సుకి రిహార్సల్ ఉండదండి మావయ్యగారూ."

బొట్టు పెట్టి పిలిచాక ఆ పిలుపు వెనక్కి తీసుకునే వీల్లేదు. ఇంటి పెద్ద మంచాన పడ్డా కార్యం జరిగి తీరాల్సిందే. పద్మా అత్తయ్యగారూ కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మొదటి బొట్టు రమణమ్మగారికి. ఆవిడది అతుకుపని. అత్తయ్యగారికి వదిన వరస. ఈ దుప్పటిలో నెమళ్ళ పట్టీలన్నీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినవే. ఆవిడ కూడా వాటిని ఒళ్ళో కుప్పగా చూసిందే తప్ప పరిచి చూసింది లేదు.

ఆదివారం వచ్చింది. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. చాపలు చాలక పక్కింటి నుంచి తెచ్చారు. అత్తయ్యగారిని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. నేను చుక్కల మీద చిన్న ప్రసంగం చేసి, ఒక చప్పట్ల వర్షానికి సరిపడా విరామమిచ్చి, బటన్ నొక్కాను.

తెర వెలిగింది. పొగమంచులో గోదారి లంకలా ఏదో కనిపించింది.

"మొదలైందాండి?" అన్నారొకరు.

"ఇప్పుడే కదా, తేరుకుంటుంది," అన్నాను.

తేరుకోలేదు. తెల్లగా రెండు ముద్దలు కదులుతున్నాయి.

"అవేంటి వదినా, అరటిపువ్వులా?" అడిగారు రమణమ్మగారు.

"నా చేతులనుకుంటా," అన్నారు అత్తయ్యగారు, కళ్ళు చికిలించి.

"మరి ఆ గొర్రెపిల్లో?"

"నెమలి."

గదిలో దగ్గులు మొదలయ్యాయి. పమిట చెంగులు నోళ్ళకి అడ్డం వెళ్ళాయి. నేను తప్పు నెట్ మీదికి నెట్టేశాను. వైఫై డబ్బాని కిటికీలో పెట్టాను, గడప మీద పెట్టాను, స్టూలెక్కి నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. డబ్బా ఎటు తిరిగితే ఆడవాళ్ళ తలలు అటు తిరిగాయి గానీ బొమ్మ తిరగలేదు. ఆఖరికి మావయ్యగారు కళ్ళజోడు సవరించుకుని తెర మూలకి వెళ్ళి, అక్కడ చిన్న అక్షరాల్లో ఉన్నది గట్టిగా చదివారు.

"ఈ వీడియో ఫోర్‌కే ఫార్మాట్‌ను మీ టీవీ సపోర్ట్ చేయదు. తక్కువ క్వాలిటీలో ప్లే అవుతోంది... అంటోందండి అల్లుడుగారూ."

అసలు సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. పెద్ద బొమ్మని ఉన్నదున్నట్టు నెట్‌లో పంపలేరు. పట్టుచీరని మడతపెట్టి పెట్టెలో పెట్టినట్టు చిన్నగా మడిచి పంపుతారు. ఇవతల టీవీకి ఆ మడత విప్పడం తెలియాలి. మడతపెట్టే పద్ధతులు ఏడాదికేడాది మారతాయి. ఈ డాక్యుమెంటరీ వచ్చింది సరికొత్త మడతలో. మా టీవీకి తెలిసినవన్నీ పాత మడతలు. చుక్కలు లక్షల్లో ఉన్నాయి, నిజమే, కానీ పాపం వాటికి చేసేందుకు పనిలేదు. విప్పలేని టీవీలకి యాప్ వాళ్ళు ఒక చిరుగుపాత బొమ్మ విసిరేస్తారు, మాకు విసిరింది అదే. నేను నమ్ముకున్న ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి నెట్‌లో బొమ్మలు రావడమే లేదట. అట్ట ఊడిపోవడంతో అచ్చయిన సంవత్సరం కూడా ఊడిపోయింది. నేనేం చెయ్యను చెప్పండి?

అప్పుడు మాత్రం ఇవేవీ తెలియవు. నెత్తిన వైఫై డబ్బాతో స్టూలు మీదున్నాను. అత్తయ్యగారు ఆ తెల్లటి మంచులో తన దుప్పటి ఎక్కడుందా అని కుర్చీ అంచుకి జరిగి వెతుక్కుంటున్నారు. నవ్విన వాళ్ళందరి కంటే అదే నన్ను ఎక్కువ కోసింది.

"నా ఫోన్లో పెట్టి చూడనా?" అంది పద్మ.

"ఇంత తెర పెట్టుకుని ఫోన్లోనా!" అన్నాను స్టూలు మీంచి.

పద్మ నా అనుమతి కోసం ఆగలేదు. మొన్న మొన్న కొన్న ఫోను దానిది. యాప్ తెరిచి, అత్తయ్యగారి చేతిలో పెట్టింది.

గదంతా ఆవిడ చుట్టూ మూగింది. అరచేతంత తెరలో, పోగు పోగూ కనిపిస్తూ, దుప్పటి. కెమెరా ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా సాగింది. నెమళ్ళు, పువ్వులు, మళ్ళీ నెమళ్ళు.

"ఇంతుంటుందా?" అన్నారు అత్తయ్యగారు ఆఖరికి. "ఇదంతా మనమేనా వదినా?"

"మనమే వదినా," అన్నారు రమణమ్మగారు.

ఆ క్షణాన నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఈ చేతులు మా అత్తయ్యగారివి! స్టూలు దిగి, కళ్ళు తుడుచుకుని, రెండు మంచి ముక్కలు మాట్లాడదామని నోరు తెరిచాను.

"ఆగు," అన్నారు అత్తయ్యగారు. నన్ను కాదు, ఫోన్‌ని. "పద్మా, వెనక్కి తిప్పు. అక్కడ. పెద్దది చెయ్యి."

పద్మ వేళ్ళతో బొమ్మని పెద్దది చేసింది. అంచులో, బారులో నిలబడ్డ నెమళ్ళ మధ్య, ఒక నెమలి తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టి ఉంది.

"ఏంటి వదినా ఇది?"

రమణమ్మగారు ముక్కు ఆనించి చూశారు. "గింజలు ఏరుకుంటోంది వదినా."

"నా నెమలి గింజలు ఏరుకోదు. నాట్యం చేస్తుంది."

"ఆకలేసి ఉంటుంది."

"కాళ్ళు పైకెత్తి ఏరుకుంటుందా?"

"ఏమో మరి! నువ్వు అల్లిన వయ్యారానికి ఏది తలో ఏది కాలో ఎవరికి తెలుస్తుంది?"

ఇంకేముంది! చేతిపని వాళ్ళంతా ఒక వైపు జరిగారు, అతుకుపని వాళ్ళంతా రెండో వైపు. చాపల మధ్య గోదారి పాయలాంటి ఖాళీ ఏర్పడింది. "పోయిన ఏడు నా గులాబీని మెలితిప్పింది ఎవరు?" "నీ గులాబీ గులాబీలా ఉంటే కదా!" నెమలిది చిన్న గాయం, దాని వెనక ఎన్నేళ్ళ పుండో. ఫోను చేతులు మారుతోంది, ప్రతివాళ్ళూ వేళ్ళతో పెద్దది చేస్తున్నారు, పెద్దది చేసిన ప్రతిసారీ కొత్త నేరం బయటపడుతోంది. దారం పోగు పోగూ కనిపిస్తుందన్నారు కదా, కనిపించింది.

మావయ్యగారు ఆ గొడవలో నా చెవి దగ్గరకి వంగారు. "అల్లుడుగారూ, ఆ ఫోను లాక్కుని మీ టీవీయే పెట్టండి. త్వరగా."

ఫోను జేబులో వేసుకుని టీవీ పెట్టాను, సౌండు బాగా పెంచాను. పొగమంచు వచ్చింది. తెల్లటి ముద్దలు బారులు తీరాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి చాపల మీద కూర్చున్నారు. రమణమ్మగారు కాసేపు చూసి, "చూడు వదినా, ఇందులో అన్నీ తిన్నగానే ఉన్నాయి," అన్నారు.

అత్తయ్యగారు తల ఎత్తి, తన దుప్పటిని ఆ చివర నుంచి ఈ చివరకి చూసుకున్నారు. "ఉన్నాయి," అన్నారు. "ఎంత తిన్నగా ఉన్నాయో. మజ్జిగ తాగుతావా వదినా?"

ఆ రోజు సాయంత్రమే స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని, పద్మ సాక్షిగా ప్రమాణం చేశాను. నా కంఠంలో ప్రాణముండగా చేతిపనికీ అతుకుపనికీ మధ్యకి స్పష్టమైన బొమ్మ తీసుకురాను. లోకంలో ఎన్ని కొత్త ఫార్మాట్లు వచ్చినా సరే, వాటిలో ఒక్కదాన్నైనా విప్పగల టీవీని ఆ ఇంటి గడప తొక్కనివ్వను.