భజన హాలుకు బొంతలు

మణుగూరు దగ్గరి మా బొగ్గుగనుల కాలనీలో శనివారం భజన అంటే మా అన్న పాడాలి, మిగతావాళ్లం పలకాలి. ఆయన ఒక చరణం అందిస్తాడు, మేం దాన్ని తిరిగి పాడేదాకా ఆగి, సరిగ్గా మా చివరి అక్షరం మీద తరువాతిది ఎత్తుకుంటాడు. గనిలో పనిచేసినన్నాళ్లూ ఆయనదే ముందుపాట, రిటైరయ్యాకా ఆయనదే. పాత మందిరానికి పెంకుల కప్పు, మట్టి గోడలు, కింద జంపఖానా. అందులో ఎవరు శ్రుతి తప్పినా పక్కవాళ్లు తిరిగి చూసేవారు. నన్ను చాలాసార్లే చూశారు.

తరువాత మాకు అభివృద్ధి పట్టింది. పాతది కూల్చి హాలు కట్టారు. నేలకు నున్నటి టైల్స్, గోడలకు గ్రానైటు, కిటికీలకు అద్దాలు, పైన ఎత్తైన స్లాబు. అందులో దేవుడు జారిపడకుండా నిలబడటమే గొప్ప. మొదటి శనివారం అన్న పాడిన మాట వెనక గోడకు కొట్టుకుని తిరిగొచ్చి మా మాటలో పడింది. పప్పూ పులుసూ పెరుగూ ఒకే ముద్దలో కలిపి తిన్నట్టుంది. కమిటీ అధ్యక్షుడికి మాత్రం కళ్లు చెమర్చాయి.

"ఏం సౌండే! ఇప్పుడు పెద్ద గుడి లెక్కున్నది" అన్నాడు.

అది చాలదన్నట్టు ఎకో ఉన్న మిక్సర్ కూడా కొనిపించాడు. అసలే మోగే హాలు, దానికి మళ్లీ మోగించే పెట్టె! గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ మోత అందరికీ అలవాటైంది. అలవాటేమిటి, ముద్దొచ్చింది. శ్రుతి తప్పినా అదే కప్పేస్తుంది కదా, కాలనీలో ప్రతివాడూ గాయకుడైపోయాడు. నష్టపోయింది అన్న ఒక్కడే. గనిలో డ్రిల్లు మిషన్ల పక్కన అరిగిపోయిన చెవులాయె. మేమెక్కడ ఆపామో ఆ గోలలో తెలియక ఓసారి ముందే ఎత్తుకునేవాడు, ఓసారి ఆలస్యంగా.

"అన్నకు వయసు మీద పడ్డది" అని అధ్యక్షుడు తేల్చేశాడు. శ్రీరామనవమికి ముందుపాట తన అల్లుడికి ఇప్పిస్తాడని తెలిసింది. ఆ అల్లుడు సెల్‌ఫోన్‌లో ట్రాక్ పెట్టుకుని పాడే రకం. ఆ కబురు విన్నాక అన్న ఇంట్లో కూనిరాగం తీయడం కూడా మానేశాడు. నాకు ఒళ్లు మండింది.

క్వార్టర్లు మారినవాళ్లకు ఎవరికైనా తెలుసు: ఖాళీ ఇంట్లో పిలిస్తే గోడలు బదులు పలుకుతాయి, మంచాలూ బట్టల మూటలూ చేరగానే నోరు మూసుకుంటాయి. నవమికి ముందు శనివారం ఆడవాళ్లం ఇళ్లలోని బొంతలు మోసుకొచ్చి కిటికీలకూ వెనక గోడకూ వేలాడదీశాం. టైల్స్ మీద జంపఖానాలు పరిచాం. ఎకో తీసేయించాను. అధ్యక్షుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, మేమేదో బొంతలు ఉతకని జాతి అయినట్టు.

అన్న పాడాడు. ఒక్క చోట కూడా తడబడలేదు. మా మాట ఆగిన చోటే ఆయన మాట అందుకుంది. పాడుతున్నంతసేపూ ఆయన ముఖం వెలిగిపోతూనే ఉంది.

పాట అయ్యాక మాత్రం అందరూ ముఖాలు చూసుకున్నారు.

"ఏందక్కా, సౌండ్ సచ్చిపోయింది" అన్నాడు అధ్యక్షుడు. తన గొంతు ఎంత బొంగురో ఆ పూటే అందరికీ తెలిసింది మరి, అనడా! కానీ బొంతలు మోసిన ఆడవాళ్లు కూడా "పాట బోసిగున్నది" అన్నారు. వాళ్లను తిడదామనుకున్నాను. తీరా చూస్తే నాకూ అన్న గొంతు సన్నగా, ఎండిపోయినట్టు వినిపించింది. చిన్నప్పటి నుంచి నేను ప్రాణం పెట్టి విన్న గొంతే అది. ఆ పాడు మోత నా చెవులకూ తన రుచి మప్పేసింది.

అన్న నా దగ్గరకొచ్చి అడిగాడు, "నీకు మంచిగ ఇనవడ్డదా చెల్లె?"

"మస్తుగున్నదన్నా" అన్నాను.

బొంతలు కట్టిన హాలాయె, నా మాటలో అబద్ధం ఆయనకు స్పష్టంగానే వినిపించి ఉంటుంది. వెళ్లి మొదటి బొంత తనే విప్పాడు.