దిగినవాడే చెప్పాలి

పైనుంచి కాగితం ఒకటొచ్చింది. ఫోన్లో తన నంబరు బదులు ఇంకొకడి నంబరు కనబడేట్టు చేసి మోసం చెయ్యడం నేరమని చట్టం వచ్చింది కదా, ఆ చట్టం అమలు వల్ల మీ ఆఫీసు మీద పడే అదనపు ఖర్చెంతో రాసి పంపండి, అని. కింద ఒక గడి. గడెంతుందనుకున్నారు? అగ్గిపెట్టంత. ఆ అగ్గిపెట్టంత గడి ముందు పెన్ను పట్టుకుని తాతబ్బాయి గంటసేపు కూర్చున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వకండి. మొన్న మే నెలలో ఏం జరిగిందో వింటే మీ పెన్నూ కదలదు.

తాతబ్బాయి ఇల్లు నర్సీపట్నంలో. పని మాత్రం ఊరవతల, గొలుగొండ వైపు పల్లెలకి కరెంటు పంపే చిన్న సబ్‌స్టేషన్లో. షిఫ్ట్ ఆపరేటరు. ఇవాళ పర్మినెంటు చేస్తారు, రేపు చేస్తారు అంటూ పద్దెనిమిదేళ్లు కాంట్రాక్టులోనే గడిచిపోయాయి. పనంటే బరువులు మొయ్యడం కాదు గానీ, అంతకన్నా బరువే. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఫోన్ చేసి లైనాపమంటాడు, ఈయన ఆపుతాడు. వాడు దిగాక మళ్లీ ఫోన్ చేసి ఇమ్మంటాడు, ఈయన ఇస్తాడు. ఈ రెండు ఫోన్ల మధ్య ఆ లైన్‌మన్ ప్రాణం తాతబ్బాయి చేతిలో ఉంటుంది. రూలు ప్రకారమైతే మనిషి సబ్‌స్టేషన్‌కొచ్చి, కాగితం మీద సంతకం పెట్టి లైను తీసుకోవాలి, సంతకం పెట్టి తిరిగివ్వాలి. ఆరు కిలోమీటర్లు ఎండలో ఎవడొస్తాడండీ? అందరూ ఫోన్లోనే కానిస్తారు. పై వాళ్లకీ తెలుసు. తెలియనట్టుంటారు.

పదకొండేళ్ల కిందట ఆ ఫోను మాటే నమ్మి తాతబ్బాయి ఒకసారి లైనిచ్చాడు. "అందరూ దిగిపోయారు, ఇచ్చీండి," అన్నాడు అవతలి మనిషి. అందరూ దిగారు, లైన్‌మన్ చినబాబు తప్ప. వాడు పక్క స్తంభం మీద ఉన్నాడని ఆ చెప్పినవాడికే తెలీదు. చినబాబుని కిందికి దింపాక తాతబ్బాయి వాడి భుజం మీద చెయ్యేసి చూశాడు. అప్పటికే చల్లబడిపోయింది. ఎంక్వైరీలో నీ తప్పేం లేదన్నారు. అనేస్తే సరిపోతుందా? ఆర్నెల్లు ఆయనకి అన్నం సయించలేదు.

అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. అది ఏ పుస్తకంలోనూ లేదు. స్తంభం ఎక్కిన ప్రతి మనిషీ దిగాక తన నోటితో తన పేరు ఫోన్లో చెప్పాలి. ఒకడి తరఫున ఇంకొకడు చెబితే చెల్లదు. కొత్తలో లైన్‌మన్ భీమన్న పడీపడీ నవ్వేవాడు. "ఏటి మావా, ఇస్కూల్లో హాజరు పిలిసినట్టు!" అని. నవ్వితే నవ్వాడు గానీ ఒక్కరోజూ తప్పలేదు. "భీమన్నని, దిగాను." వెంటనే వాడి బావమరిది అందుకునేవాడు, "అప్పలరాజుని, దిగాను." ఆ రెండు మాటలూ వింటే గానీ తాతబ్బాయి చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లేది కాదు.

మే నెలలో ఆ రోజు పొద్దున్న పది దాటాక భీమన్న ఫోన్ చేశాడు. తోటల అవతల తీగ తెగి వేలాడుతోంది, లైనాపమన్నాడు. తాతబ్బాయి ఆపాడు. యార్డులోకెళ్లి పెద్ద స్విచ్చి దించి, తాళం వేసి, 'మనుషులు పనిలో ఉన్నారు' అన్న బోర్డు తగిలించాడు. ఆ పని చేస్తుంటే గోడవారగా పడున్న ఎర్త్ రాడ్లు కంటబడ్డాయి. తీగకి తగిలించి భూమిలోకి దింపే ఇనప కడ్డీలవి. పొరపాటున కరెంటొచ్చినా మనిషిని కాసేది అవే. తీగని పట్టి ఉంచే క్లాంపు విరిగిందని భీమన్న రిపేరుకి ఇక్కడే వదిలేశాడు. అంటే ఇవాళ వాడికి ఏ కాపలా లేదు. 

ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. పదకొండయ్యేసరికి ఊళ్లనుంచి ఫోన్లు మొదలయ్యాయి, చెవిలో జోరీగలా. కరెంటెప్పుడిస్తారు, మోటారు ఆగింది, ముసలమ్మకి ఆయాసంగా ఉంది. అన్నిటికీ ఒకటే జవాబు, "పని అవుతోందండీ." కోళ్లఫారం జగదీశ్వరరావు అయితే నాలుగుసార్లు చేశాడు. జనరేటరు పాడైందట, షెడ్డులో ఫ్యాన్లాగి నాలుగు వేల కోడిపిల్లలు వాలిపోతున్నాయట. పాపం అనిపించింది. అనిపిస్తే మాత్రం ఏం చేస్తాడు?

పన్నెండు దాటాక ఫోన్ మోగింది. తెర మీద భీమన్న పేరే.

"మావా, పనైపోయింది. లైనిచ్చీ బేగి."

గొంతు సరిగ్గా వినబడ్డం లేదు. గాలి హోరు. తాతబ్బాయి లేచి యార్డు తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. పేర్లకోసం ఆగాడు. పేర్లు రాలేదు.

"దిగారా?"

"అందరం దిగిపోయాం. ఇచ్చీ."

అందరం. పదకొండేళ్ల కిందటా ఇలాంటి మాటే విన్నాడు తాతబ్బాయి.

"అప్పలరాజుకియ్యి ఫోను."

"ఆడు బండికాడున్నాడు. మళ్లీ ఆడెందుకు? ఇచ్చీ మావా, జనం తిట్టిపోస్తన్నారు." ఫోన్ ఆగిపోయింది.

తాతబ్బాయి ఆ నంబరుకే తిరిగి చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. అప్పలరాజుకి చేశాడు. వాడూ ఎత్తలేదు. ఇప్పుడే మాట్లాడిన మనిషి ఫోనెందుకు ఎత్తడూ? భీమన్నకి ఎండ తలకెక్కి విసుక్కున్నాడా? లేక... ఆ రెండో మాట అనుకోడానికే ఆయనకి భయమేసింది.

ఈలోగా అసిస్టెంటు ఇంజనీరు, అదే ఏఈ, శరత్‌చంద్ర ఫోన్. కుర్రవాడు, టౌన్లో ఆఫీసు, పై వాళ్ల చేత పొద్దుట్నుంచీ మాటలు పడుతున్నాడు.

"తాతబ్బాయీ, లైనెందుకివ్వలేదయ్యా? పనైపోయిందని భీమన్న నాకే స్వయంగా ఫోన్ చేశాడు. లైను ఛార్జ్ చెయ్, కరెంటిచ్చెయ్."

"సార్, అది భీమన్న కాదేమోనండి."

"అతని నంబర్నించే వచ్చింది, నా ఫోన్లో పేరు పడింది. ఇంకెవరవుతారు? దెయ్యమా?"

"పేరు చెప్పలేదు సార్. దిగాననలేదు."

"నీ హాజరు పట్టీ తర్వాత చూద్దాం! ఐదు నిమిషాల్లో లైను లేకపోతే మెమో ఇస్తాను. నువ్వు ఇవ్వకపోతే నేనే వచ్చి ఇస్తాను."

అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు తాతబ్బాయి. ఇస్తే? పైన భీమన్న ఉంటే? ఇవ్వకపోతే? ఉద్యోగం గాలిలో దీపం. షిఫ్టు మధ్యలో సబ్‌స్టేషన్ వదిలి వెళ్తే ఇక దీపం కూడా ఉండదు. గోడ మీద గడియారం చూశాడు. ఏఈ జీపుకి పది నిమిషాలు చాలు.

"పోతే పోనీ, ముష్టి ఉద్యోగం," అన్నాడు పైకే. తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, బండి తీశాడు.

ఆరు కిలోమీటర్లు. రోజూ తిరిగే రోడ్డు ఆ వేళ ఎంతకీ తరగదే! సగం దూరం వెళ్లాక ఆయనకో సంగతి గుర్తొచ్చింది. తాళంచెవైతే జేబులో ఉంది. కంట్రోల్ రూములో మూలన సుత్తి ఉంది. రెండు దెబ్బలు వేస్తే ఆ తుప్పు తాళం ఊడొస్తుంది. వెనక్కెళ్లాలా, ముందుకెళ్లాలా? "ఓర్నాయనో, సుత్తి తీసుకురాకపోయానే," అంటూ యాక్సిలరేటరు మెలితిప్పాడు. నూకాలమ్మ తల్లికి మొక్కుకున్నాడు కూడా. ఏం మొక్కుకున్నాడో తర్వాత ఆయనకే గుర్తులేదు.

తోట మలుపు తిరిగాడు. చెరకు చేను పక్కన స్తంభం. దాని మీద భీమన్న. అడ్డకమ్మీకి కాలు మెలేసి, రెండు చేతులతో తీగ పట్టుకుని ఉన్నాడు. పక్క స్తంభం మీద అప్పలరాజు. ఫోన్లు రెండూ చెట్టు కింద అన్నాల సంచిలో ఉన్నాయి.

"ఒరే దిగండ్రా! తీగొదిలీండి! దిగండి!"

"ఏటయింది మావా? ఇంకో అరగంట పనుంది!"

"నీ పనికి నిప్పెట్టా, దిగరా ముందు!"

ఆ గొంతులో ఏం విన్నాడో గానీ భీమన్న తీగ వదిలేసి దిగడం మొదలుపెట్టాడు, అటు అప్పలరాజూ అంతే. ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ చూశాడు తాతబ్బాయి. భీమన్న కాలు నేలనానడం, ఈయన ఫోన్ మోగడం ఒకేసారి. ఏఈ.

"తాళంచెవి ఎక్కడ పెట్టావ్? స్టేషన్ వదిలి ఎక్కడ తిరుగుతున్నావయ్యా?"

తాతబ్బాయి ఫోన్ భీమన్న చేతిలో పెట్టాడు.

"సార్, భీమన్ననండి. ఇప్పుడే దిగేను. లేదండి, నానెవులికీ ఫోన్ సెయ్యలేదు. పొద్దుట్నుంచీ స్తంభం మీదే ఉన్నానండి."

 సిమెంటు గచ్చు మీద ఇనుము పడ్డ చప్పుడు ఠంగుమని ఫోన్లోంచి వినబడింది. అది సుత్తి అని తాతబ్బాయికి తెలుసు. అక్కడే గట్టు మీద చతికిలబడ్డాడు.

రెండు రోజుల్లో పోలీసులు మనిషిని పట్టారు. కోళ్లఫారం జగదీశ్వరరావు. ఎవరి నంబరు కావాలంటే ఆ నంబరు చూపించే యాప్ ఏదో స్నేహితుల్ని ఆటపట్టించడానికి ఎప్పుడో పెట్టుకున్నాడట. ఏఈకి చేసిందీ ఆయనే; భీమన్న నంబరూ, యాసా ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసినవేగా. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. కేసు పెట్టారు. ఆయన సబ్‌స్టేషన్ దగ్గరకొచ్చి తాతబ్బాయి చేతులు పట్టుకుని ఏడ్చాడు. "పిల్లలు కళ్లెదురుగా వాలిపోతుంటే మతి పోయిందయ్యా. పని ఎప్పుడో అయిపోయుంటుంది, వీళ్లే ఎక్కడో చెట్టు కింద పడుకున్నారనుకున్నాను."

అనుకున్నాడట! భీమన్న అంతా విని ఒక్క మాటే అడిగాడు. "నాను కోడిపిల్ల పాటి సెయ్యనేటి బాబూ?"

జగదీశ్వరరావు తల దించుకుని వెళ్లిపోయాడు. మెమో ఊసు ఏఈ మళ్లీ ఎత్తలేదు.

అక్కడితో అయిపోతే బాగుండును. వారం తర్వాత భీమన్న మళ్లీ లైను తీసుకున్నాడు. పని ముగించి ఫోన్ చేశాడు. "భీమన్నని, దిగాను." "అప్పలరాజుని, దిగాను." అంతా పద్ధతి ప్రకారమే. తాతబ్బాయి స్విచ్చి దగ్గర నిలబడ్డాడు. చెయ్యి లేవలేదు. ఈ పేర్ల సంగతి పోలీసులు రాసుకున్నారు, టీ కొట్లలో చెప్పుకున్నారు. పదకొండేళ్లు ముగ్గురి మధ్యే ఉన్న మాట ఇప్పుడు ఎవడి నోటైనా పలుకుతుంది. నంబరు ఎవడైనా పెట్టుకుంటాడు. ఇంక దేన్ని పట్టుకుని నమ్మాలి?

"ఒరే భీమన్నా, ఇద్దరూ వచ్చి కనబడండ్రా."

"ఆరు కిలోమీటర్లు మావా!"

"కనబడరా నాయనా. నా చెయ్యి లేవట్లేదు."

ఆ రోజునుంచీ అదే పద్ధతి. ప్రతిసారీ ఆరు కిలోమీటర్లూ వచ్చి మొహం చూపించాలి. ఆ అరగంటా ఊళ్లు ఉక్కపోతలో ఉంటాయి, ఫోన్లో తిట్లు తాతబ్బాయి తింటాడు.

ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, ఆ గడిలో ఏం రాయాలి?

"ఇంకా రాయలేదా?" అన్నాడు ఏఈ, వెనకనుంచి తొంగి చూసి. ఆ రోజు తర్వాత ఆయన గొంతు కాస్త మెత్తబడింది. "లేదు అని రాసెయ్ తాతబ్బాయీ. ఉందని రాస్తే ఎంత, ఎందుకు, ఏ పద్దు కింద అని పది కాగితాలొస్తాయి. అయినా మనం కొత్తగా ఏం కొన్నాం చెప్పు?"

నిజమే, ఏమీ కొనలేదు. క్లాంపు కూడా కొనలేదు. తాతబ్బాయి గడిలో 'లేదు' అని రాసి సంతకం పెట్టాడు. ఏఈ కాగితం పట్టుకుని వెళ్లాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. భీమన్న. పేర్లు చెప్పారు. "రండ్రా," అన్నాడు తాతబ్బాయి. బయట వాన దంచి కొడుతోంది. అరగంట కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరూ తడిసి ముద్దయి వచ్చారు. భీమన్న కిటికీ దగ్గర మొహం పెట్టాడు.

"భీమన్నని, దిగాను."

తాతబ్బాయి ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి వాడి భుజం పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది. అప్పుడెళ్లి లైనిచ్చాడు.