ఆయన పేరు మీద నా ఆట

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ ముందు పెద్ద రోడ్డు ఉండేది గానీ, దాని పక్కన మనిషి నడిచే దారి లేదు. పాల దగ్గర్నుంచి లైబ్రరీ దాకా ఏం కావాలన్నా కారెక్కాల్సిందే. ఉన్నది ఒక్క కారు. అది పొద్దున్నే మావారితో పాటు వెళ్ళిపోయేది. నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, గుంటూరులో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పి, పెళ్ళయ్యాక 2006లో హెచ్-4 వీసా మీద వచ్చాను. ఆ వీసా మీద వచ్చిన భార్యలు ఉద్యోగం చేయకూడదు. ఈ సంగతి నాకు పెళ్ళికి ముందే తెలుసు. తెలిసి ఒప్పుకున్నదే కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. కానీ ఒప్పుకున్నప్పుడు నాకు ఆ రెండు గదులూ తెలియవు. శీతాకాలం వచ్చి కిటికీలు బిగించేశాక, హీటర్ చప్పుడు వింటూ, వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతుంటే, నేను ఏదైనా మాట్లాడి ఎంతసేపయిందో అనిపించేది.

శనివారం మధ్యాహ్నాలు ఒక డాక్టరుగారింటికి వెళ్ళేవాళ్ళం. ఆయన డెబ్భైల్లోనే ఈ దేశం వచ్చిన మత్తు డాక్టరు. మా వయసువాళ్ళందరికీ అక్కడ ఇంటి పెద్దలాంటివారు. ఆయన బేస్‌మెంట్‌లో మగవాళ్ళు పోకర్ ఆడేవాళ్ళు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు చేతిలో మూసి ఉంటాయి, బల్ల మీద అయిదు ముక్కలు అందరికీ కనబడేలా ఒక్కొక్కటే తెరుస్తారు. వాటితో కలిపి ఎవరి చెయ్యి గొప్పదో దాని మీద పందెం. పైన వంటింట్లో ఆంటీ, అంటే డాక్టరుగారి భార్య, మేమూ బజ్జీలు వేసి కిందికి పంపుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

ఒకసారి మంచు పడి ఇద్దరు రాలేదు. ఆట పలచబడిందని డాక్టరుగారు పైకొచ్చి, నేను లెక్కల మనిషినని ఎవరో చెప్పగా విని, నన్ను కిందికి రమ్మన్నారు. చేతులు కడుక్కుని వెళ్ళి కూర్చున్నాను. మొదట్లో అందరూ నవ్వుతూ నాకు నేర్పించారు. గంట గడిచేసరికి నవ్వులు తగ్గాయి. నా చేతిలో ఇస్పేటు ఆసు, రాణి ఉన్నాయి. బల్ల మీద ఇస్పేట్లు మూడు తెరుచుకున్నాయి, ఒకే జాతివి అయిదు కలిశాయంటే పెద్ద చెయ్యే. నా ఎదురుగా ఉన్నాయన, మా వయసువాళ్ళలో అందరికంటే ముందు ఇల్లు కొన్నాయన, తన పందెం బిళ్ళలన్నీ ముందుకు తోశాడు. నేనూ తోశాను. ముక్కలు తిప్పాక ఆ బిళ్ళలన్నీ నా వైపుకొచ్చాయి. డాక్టరుగారొక్కరే హాయిగా నవ్వారు. ఆట అయ్యాక నన్ను పక్కకి పిలిచి అన్నారు, "నీకు మంచి ముక్కలొస్తే మెళ్ళో సూత్రాలు సర్దుకుంటావమ్మా. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఆ సంగతి తెలియనిది నీకొక్కదానికే."

ఆ తర్వాత నన్నెవరూ కిందికి పిలవలేదు. ఎందుకని కార్లో మావారిని అడిగాను. ఆయన, "నువ్వు గెలిస్తే వాళ్ళకి ఏం మాట్లాడాలో తెలియట్లేదు. ఓడిపోతే నాకు బాగుండదు" అన్నారు. అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పారంతే.

ఆ రోజుల్లో డబ్బు పెట్టి ఇంటర్నెట్‌లో పోకర్ ఆడే సైట్లు ఉండేవి. తాను బేస్‌మెంట్‌లో ఓడిపోతున్నానని, ప్రాక్టీసు కోసం, మావారు ఒక సైటులో తన పేరున అకౌంట్ తెరిచారు. ఇంటిపేరూ, పుట్టిన ఊరూ కలిపి ఒక పేరు పెట్టుకున్నారు. కొద్దివారాల్లోనే విసుగొచ్చి మానేశారు. మిగిలిన చిల్లర అందులోనే ఉండిపోయింది. ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఒక పొద్దున లాప్‌టాప్ తీసి ఆ చిల్లరతో ఆడటం మొదలుపెట్టాను. సాయంత్రం ఆయన రాగానే చెప్పాను కూడా. పొద్దుపోతుందిలే, ఆడుకో అన్నారు.

ఆ ఆటలో ముఖాలు లేవు. ఆకుపచ్చ బల్ల బొమ్మ చుట్టూ పేర్లు మాత్రమే. డాక్టరుగారు చెప్పినట్టు నేను సూత్రాలు సర్దుకున్నా, తల గోక్కున్నా, చూసేవాళ్ళు లేరు. నాకు మాత్రం వాళ్ళు కనిపించేవాళ్ళు. పందెం ఎంత పెంచుతున్నారు, బటన్ నొక్కడానికి ఎంతసేపు ఆలోచిస్తున్నారు, ఓడిన వెంటనే తర్వాతి ఆటలో ఎలా ఎగబడుతున్నారు, ఇవన్నీ పట్టుకుంటే చాలు. క్లాసులో బోర్డు మీద రాసి చెప్పిన సంభావ్యత అంతా ఇక్కడ ప్రాణంతో కదిలేది. క్రమంగా నాలుగు బల్లల మీద ఒకేసారి ఆడటం వచ్చింది. గెలిస్తే అవతలివాళ్ళు ముసలాడా అనో, తమ్ముడూ అనో ఇంగ్లీషులో నన్ను తిడుతూ టైప్ చేసేవాళ్ళు. ఆ తిట్లు చదువుకుని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. ఈ దేశం వచ్చాక ఫలానావారి భార్య అని కాకుండా నన్ను ఎవరైనా పట్టించుకున్నది అక్కడే.

డబ్బు వచ్చేది. ఎక్కువ కాదు, కానీ నిలకడగా వచ్చేది. అది ఆయన అకౌంట్‌లోంచి ఆయన బ్యాంకులోకి వెళ్ళేది. ఇక్కడ ఏ అకౌంట్‌కైనా అడిగే సోషల్ సెక్యూరిటీ నంబర్ నాకు లేదు, కాబట్టి నా పేరున అలాంటివేవీ తెరవడానికి లేదు. నాకప్పుడు దాని గురించి పట్టింపు లేదు. ఆడటమే బాగుండేది.

2009లో మావారి ప్రాజెక్ట్ అయిపోయింది. ఆయన్ని పంపిన కన్సల్టింగ్ కంపెనీ వేరే ప్రాజెక్ట్ దొరికేదాకా బెంచ్ మీద ఉండమంది. బెంచ్ మీద జీతం రాదు. ఇవ్వాలని రూలు ఉందట గానీ, అడిగితే వీసా సంగతి చూసుకోమంటారు. రోజంతా ఆయన ఇంట్లోనే. మొదటి వారం ఫోన్ ఇంటర్వ్యూలు ఇచ్చారు. రెండో వారం నుంచి నా వెనకాల కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆయన నాతో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అప్పుడూ మాట్లాడలేదు. కానీ నేను ఆట వదులుకుని ముక్కలు పడేస్తే వెనకనుంచి చిన్నగా నిట్టూర్పు వినిపించేది. పెద్ద పందెం కాస్తే కుర్చీ కిర్రుమనేది. ముఖాలు లేని చోటని నేను దాక్కున్న గదిలోకి ఒక ముఖం వచ్చి నా భుజం వెనక కూర్చున్నట్టయింది. వెనక్కి తిరిగి చూడకుండానే ఆయన ముఖం ఎలా ఉందో నాకు తెలిసేది. అలా వెనక ఒక మనిషి ఉంటే ఈ ఆట సాగదు. భయపడి ఆడితే ఓడతాం, ఓడితే ఇంకా భయం. ఆ నెలల్లో ఇంటి ఖర్చు ఆ స్క్రీన్ మీదనుంచే వెళుతోందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

ఇది ఉద్యోగం కింద లెక్కకొస్తుందేమో, నా వీసాకి ఇబ్బందేమో, లాయర్‌ని అడుగుదామన్నాను. అడిగి లేని అనుమానం పుట్టించడమెందుకన్నారు. పేపర్ల మీద ఆడేది తనే కదా అని కూడా అన్నారు. నిజమే. పన్నులు కట్టేటప్పుడు కూడా అది ఆయన గెలుపే.

ఒకరోజు నాకు జ్వరం వచ్చింది. దుప్పటి కప్పుకుని సోఫాలో పడుకున్నాను. ఆయన మిరియాల చారు పెట్టి తెచ్చారు. గిన్నె తీసుకెళ్ళాక లాప్‌టాప్ తెచ్చి టీపాయ్ మీద పెట్టి, మూత తెరిచారు.

"ఇవాళ ఆడలేనండీ" అన్నాను.

"ఇదేమన్నా పనా? ఆటే కదా, పడుకునే ఆడొచ్చు."

"ఆటే అయితే ఒకరోజు మానేస్తే ఏమవుతుంది?"

ఆయన కార్పెట్ వైపు చూస్తూ, "ఒకటో తారీఖు వస్తోంది, అద్దె కట్టాలి" అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. ఈ ఇంట్లో ఇద్దరం ఇరుక్కున్నామని అనిపించింది. లేచి కూర్చుని ఆడాను. ఆ రోజు గెలిచానో ఓడానో గుర్తు లేదు. కళ్ళు మండటం మాత్రం గుర్తుంది.

చివరికి ఆయనకి మళ్ళీ ప్రాజెక్ట్ దొరికింది. ఇంక నువ్వు ఆడక్కర్లేదు అన్నారు, నాకు సెలవిచ్చినట్టు. పొద్దున్నే ఆయన వెళ్ళగానే మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అవసరం తీరాక కూడా ఎందుకు ఆడానంటే, మళ్ళీ నాకోసం ఆడుకుందామనే. కానీ పాత ఆట తిరిగి రాలేదు. వెనక కుర్చీ ఖాళీగా ఉన్నా కిర్రుమన్నట్టే ఉండేది.

2011లో ఒక మధ్యాహ్నం సైటు తెరిస్తే ఆకుపచ్చ బల్లలు లేవు. ప్రభుత్వం ముద్రలతో ఒక నోటీసు ఉంది. అమెరికాలో ఉన్నవాళ్ళు డబ్బుతో ఆడటానికి లేకుండా సైటు మూసేశారని అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. అందులో ఉన్న డబ్బు అందులోనే చిక్కుకుపోయింది. మావారికి ఆఫీసుకి ఫోన్ చేసి చెబితే, పోతే పోయిందిలే, ఒక గొడవ వదిలింది అన్నారు. తర్వాత చాలా రోజులు నేను పొద్దున్నే ఆ పేజీ తెరిచి, ఆ నోటీసే మళ్ళీ చదివి, మూసేసేదాన్ని.

నా దిగులు ఎవరికీ చెప్పలేదు గానీ డాక్టరుగారు ఎలాగో కనిపెట్టారు. అప్పటికి ఆయన రిటైరయ్యారు. వారం మధ్యలో ఆంటీతో కలిసి బస్సులో, జూదమాడే కాసినోలుండే అట్లాంటిక్ సిటీ వెళ్ళొచ్చేవారు. ఈసారి నువ్వూ రామ్మా, అసలైన బల్ల మీద ఆడుదువుగాని అన్నారు. మావారు సరే అన్నారు. వెళ్ళాను.

కాసినోలో ఎండ ఎక్కడా కనిపించదు. చలి, సిగరెట్ వాసన, బిళ్ళల చప్పుడు. బల్ల చుట్టూ తొమ్మిదిమందిమి. నా పక్కన బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న పెద్దాయన బిళ్ళల్ని చేత్తో కలుపుతూనే ఉన్నాడు. ముక్కలు పంచే అమ్మాయి తీరిగ్గా పంచుతోంది. ఇంట్లో నాలుగు బల్లల మీద పరిగెత్తిన నా బుర్ర ఇక్కడ ఒక్క బల్ల ముందు తోచక కొట్టుకుంది. నా వంతు వచ్చినప్పుడల్లా ఎనిమిదిమంది తలెత్తి చూసేవాళ్ళు. వాళ్ళకి నేను కొత్త, వింత. ఎక్కడినుంచి వచ్చావని అడిగారు, ఎవరు నేర్పారని అడిగారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలో పెట్టుకున్నాను.

ఒక ఆటలో అవతలాయన దగ్గర ఏమీ లేదని నాకు తెలుసు. కంప్యూటర్ మీదయితే ఒక్క క్షణం ఆలోచించకుండా పందెం పెంచేదాన్ని. ఇక్కడ ఆయన నా కళ్ళలోకే చూస్తున్నాడు. ముక్కలు పడేశాను. ఆయన నవ్వి తన ముక్కలు తిప్పి చూపించాడు. డైమను రెండు, కళావరు ఏడు, ఈ ఆటలో అన్నిటికంటే పనికిరాని జంట. లేచి వెళ్ళిపోదామనిపించింది. బస్సు సాయంత్రం దాకా లేదు. అక్కడే కూర్చుని, ముక్కలు వచ్చినప్పుడల్లా పడేస్తూ ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆంటీ నా పక్క సీట్లో కూర్చున్నారు. డాక్టరుగారు ముందు సీట్లో కునుకు తీస్తున్నారు. నేను ఆడలేకపోయానని చెప్పాను. ఎదురుగా మనుషులుంటే నాకు చేతకావట్లేదన్నాను. ఆంటీ కిటికీ బయటికి చూస్తూ తన సంగతి చెప్పారు. ఆవిడా డాక్టరే. నాకు అప్పటిదాకా తెలియదు. వచ్చిన కొత్తల్లో ఇక్కడి పరీక్ష తప్పారు, కడుపుతో ఉన్నారు, ఆయనకి రాత్రీపగలూ డ్యూటీలు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానని ఒకరోజు ఏడిస్తే, ఆయన రెండు పేకలు కొనుక్కొచ్చి, ఆస్పత్రిలో పనిచేసే ఇద్దరు స్నేహితుల్ని శనివారం ఇంటికి పిలిచారు.

"ఆ ఆట పెట్టిందే నాకోసం" అన్నారు ఆంటీ. "నలుగురం ఆడేవాళ్ళం. నేను బాగా ఆడేదాన్ని కూడా. తర్వాత జనం పెరిగారు. వచ్చినవాళ్ళకి ఎవరో ఒకరు కాఫీ ఇవ్వాలి కదా. ఒకసారి లేచి పైకెళ్ళాను. దిగొచ్చేసరికి నా కుర్చీలో ఎవరో కూర్చున్నారు."

"లెమ్మనలేదా?"

"అతిథి కదమ్మా, ఎలా లెమ్మంటాను?"

ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ ఆ మెట్ల పైనుంచి బజ్జీల పళ్ళాలు కిందికి అందిస్తూనే ఉన్నారు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పార్క్‌వే అనే పెద్ద రోడ్డు మీద బస్సు ఆగి ఆగి నడిచింది.

నేను మళ్ళీ పోకర్ ఆడలేదు. కొన్నేళ్ళకి, సైటులో చిక్కుకున్న డబ్బు క్లెయిమ్ చేసుకోవచ్చన్నారు. మావారు చేశారు, ఆయన పేరున వచ్చింది. ఇది నీది, ఏం కావాలంటే అది కొనుక్కో అన్నారు మనస్ఫూర్తిగానే. ఏం కొనాలో తోచలేదు. అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది.

2015లో, గ్రీన్‌కార్డుకి కొంతదూరం వచ్చిన, మావారిలాంటి హెచ్-1 వీసా ఉద్యోగుల భార్యలు పని చేసుకోవచ్చని రూలు మారింది. పని అనుమతి కార్డు వచ్చాక ఒక ఆస్పత్రి బిల్లింగ్ ఆఫీసులో డేటా చూసే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. మేనేజరు నెమ్మదైన మనిషి. నా రెజ్యుమెలో ఖాళీగా ఉన్న ఏళ్ళ మీద పెన్ను ఆనించి, ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగింది.

చెబుదామనే నోరు తెరిచాను. నాలుగు బల్లలు, సంభావ్యత, అద్దె కట్టిన నెలలు. అవన్నీ ఎవరి పేరు మీద ఉన్నాయో గుర్తొచ్చింది.

"ఇంట్లో ఉన్నాను" అన్నాను.

ఆవిడ అర్థమైనట్టు తలూపి, కాగితం తిప్పి, రెండో పేజీకి వెళ్ళింది. ఉద్యోగం వచ్చింది. ఆ ప్రశ్న మళ్ళీ నన్నెవరూ అడగలేదు.