మొగ దాటించిన సరంగు

సాన్‌లూకర్ ఊరి దగ్గర, నది సముద్రంలో కలిసే మొగలో, ముప్పై ఏళ్లుగా ఓడలను సముద్రంలోకి దాటించిన సరంగు లియాండ్రో. సముద్రం అవతల కొత్తగా కనిపెట్టిన సీమలకు వెళ్లిన ఓడల్లో సగం ఆయన చేతి మీదుగా వెళ్లినవే. ఆయన మాత్రం ఇసుక మేట దాటగానే పడవలోకి దిగి ఇంటికొచ్చేసేవాడు. అక్కడి బంగారం గురించి ఎవరైనా ఊరిస్తే, "నా పులుసు చల్లారిపోతుంది, తప్పుకోండి" అనేవాడు.

ఏడాదిగా ఆయనకు చూపు ఆనడం లేదు. ఒడ్డునున్న చర్చి గోపురం, దిబ్బ మీది పైన్ చెట్టు ఒకే వరుసలోకి వచ్చినప్పుడు ఓడను ఎడమకు తిప్పాలి. ముందు తిప్పితే రాళ్లు, ఆలస్యమైతే మేట. ఆ గోపురం ఆయనకిప్పుడు ఉత్త మబ్బు. సంగతి కూతురు బ్రియాండాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చిన్న ఓడలు ఏరుకుని ఎలాగో నెట్టుకొస్తున్నాడు. మొండి మనిషి, పరువు కోసం ప్రాణమైనా ఇస్తాడు.

ఆ వసంతంలో కొత్త సీమల్లోని శాంటో డొమింగో నుంచి అల్లుడు కబురు పెట్టాడు, బ్రియాండాను పంపమని. ఆమె ఎక్కాల్సిన ఓడ మెడదాకా సరుకుతో నిండి, నీళ్లలో లోతుగా దిగి ఉంది.

"ఈ ఒక్కటీ వేరేవాళ్లకి వదిలెయ్ నాన్నా."

"నిన్ను తీసుకెళ్లి ఆ తాగుబోతు సరంగుల చేతిలో పెట్టమంటావా?"

"అయితే నీ పక్కనే నుంచుంటా. గోపురం చెట్టు మీదికి రాగానే నీ చెయ్యి నొక్కుతా."

పోటు నిండింది. వెనక గాలితో ఓడ కదిలింది. మేట మీద అలలు విరిగే చప్పుడు వినిపించగానే కెప్టెన్ కేకేశాడు: "ఆడవాళ్లంతా కిందికి!"

"మా అమ్మాయిని ఉండనివ్వండి దొరా."

"ఆ ఏడుపులేవో ఒడ్డునే కానివ్వాల్సింది పెద్దాయనా! దారి చూడు."

బ్రియాండా వేళ్లు ఆయన చేతిలోంచి జారిపోయాయి. తలుపు మూసుకుంది. నిజం చెప్పేద్దామనుకున్నాడు. కానీ ఆ గాలిలో ఓడను ఆపే వీలు లేదు.

"లోతు కొలిచే సీసపు గుండు వెయ్యండ్రా! పైకి తీసి నా చేతికివ్వండి!"

"నాలుగు బారలు!" అరిచాడు నావికుడు. నేల మట్టి అంటుకొచ్చేలా గుండు అడుగున పూసిన కొవ్వును లియాండ్రో వేలితో తడిమాడు. బురద, గుల్లముక్కలు. కాలువ మధ్యలోనే ఉన్నారు.

"మూడున్నర!" ఈసారి నాలుకతో చూశాడు.

"దారి చూడమంటే నాకుతావేంటయ్యా?"

"మీరు పుట్టిన గొర్రెల సీమలో గడ్డి చూసి దారి చెబుతారేమో. ఇక్కడ నోర్మూసుకోండి దొరా."

"మూడు!" పళ్ల కింద ముతక ఇసుక కరకరలాడింది. దానిలో ఇంకా కొంచెం బురద ఉంది. ఒక్క క్షణం ఆగాడు. మళ్లీ గుండు వేయించాడు. ఈసారి ఉత్త ఇసుక. మేట అంచుకొచ్చారు, తిప్పాల్సిన చోటు ఇదే.

"ఎడమకి! మొత్తం ఎడమకి తిప్పు!"

ఓడ అడుగు నేలను గీసింది. కింద ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఆ కేకల్లో కూతురి గొంతు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. పెద్ద అల ఒకటి ఓడను లేపి అవతల పడేసింది.

"ఆరు బారలు!"

తెరచాపలన్నీ ఎత్తేదాకా కింది తలుపు తీయనన్నాడు కెప్టెన్. కూతురికి వీడ్కోలు చెప్పకుండానే లియాండ్రో తన పడవలోకి దిగాల్సి వచ్చింది. తాడు వదిలేశారు.

"మామా, మీ అమ్మాయి పైకొచ్చింది! చెయ్యూపుతోంది!" అన్నాడు తెడ్లు వేసే తోరిబియో.

లియాండ్రో లేచి ఖాళీ సముద్రం వైపు చెయ్యెత్తాడు. తోరిబియో ఒక క్షణం చూసి, తెడ్లు వదిలేసి, ఆయన భుజాలు పట్టుకుని ఓడ వైపు తిప్పాడు.

"ఇంకా ఊపుతోందా?"

"ఊపుతోంది మామా."

చాలాసేపటికి మళ్లీ అడిగాడు. "ఇప్పుడో?"

"ఊపుతూనే ఉంది."

అప్పటికి ఓడ కనుమరుగై ఎంతోసేపయింది.