పాపాయి ఆయాసం

ఆత్రేయపురం పక్క ఊళ్లో పూతరేకులు వేసే ఆడవాళ్లు చాలామందే ఉండేవారు గాని, పాపాయి వేసిన రేకు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. కింద పేపరు పెడితే అక్షరాలు చదువుకోవచ్చు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మండుతుంటే, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఒక్క లాగు లాగేది. రెప్పపాటులో రేకు లేచి చేతిలోకి వచ్చేది.

మంట చూసే పని ఆవిడ భర్త బుల్లియ్యది. మంట హెచ్చితే ఆవిడ కనుబొమ్మ ఎగరేసేది. తగ్గితే పెదవి విరిచేది. కాపురంలో సగం మాటలు ఆ పొయ్యి దగ్గర అలాగే, నోరు విప్పకుండానే అయిపోయాయి.

తొంభై ఆరు తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు కూలిపోయాక, చాలాకాలం తడి ఆకే దిక్కయింది. ఇంటినిండా పొగ. సరిగ్గా ఆ రోజుల్లోనే పాపాయికి ఆయాసం మొదలైంది. పెరట్లోంచి పిండిగిన్నె మోసుకొచ్చి పీట మీద కూలబడేది. మాట రాక చెయ్యి ఊపేది.

"పొగండీ బుల్లియ్యగారూ, పొగ," అన్నాడు ఊళ్లో ఆరెంపీ డాక్టరు పోతురాజు. "ఇన్నేళ్లు మింగింది ఊరికే పోద్దా? ఉబ్బసం." మాత్రలిచ్చాడు.

కోడలు సూర్యకళ అత్తగారి పీట లాగేసుకుంది. "లేవండత్తయ్యగారూ. ఇకనుంచి రేకులు నేనేస్తాను, మీరు అరుగు మీద కూర్చుని చుట్టండి."

"నీవి రేకులా, అప్పడాలా? ఎవరు కొంటారే?"

"కొనకపోతే మీరే తిందురుగాని."

పాపాయి అరుగెక్కింది. నేతిలో వేళ్లు ముంచి, చక్కెరపొడి చల్లి, రేకులు చుడుతూ కూర్చుంది. కొద్దిరోజులకే ఆయాసం పోయింది. కోడలు అత్తగారిని బతికించిందని వీధంతా మెచ్చుకుంది. పొయ్యితోపాటు బిందెలు మోయడం, పెరట్లోకి తిరగడం కూడా పాపాయి మానేసిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత కళ్లలో పొరలొచ్చాయి. ఆపరేషనుకి రాజమండ్రి తీసుకెళితే, కంటి డాక్టరు ముందు గుండె చూపించుకు రమ్మన్నాడు. గుండె డాక్టరు స్కానింగు చేసి, తెర వాళ్లవైపు తిప్పాడు.

"గుండెలోంచి రక్తం బయటికి పోయేచోట తలుపులాంటిది ఒకటి ఉంటుందండి. వాల్వు అంటాం. మీ ఆవిడది గట్టిపడిపోయింది. సగం కూడా తెరుచుకోవడం లేదు."

"ఉబ్బసమన్నారండి."

"పెద్దవయసులో ఇలా చాలామందికి వస్తుంది. ముసలితనం అనుకుని మూల కూర్చుంటారు. ఆయాసం వస్తోందా?"

"పొయ్యి మానేశాక లేదండి!" బుల్లియ్య గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"ఇప్పుడేం పని చేస్తున్నారు?"

"కూర్చుని రేకులు చుడుద్దండి."

"కూర్చున్నారు కాబట్టే రావడం లేదు. నడిపించి చూడండి. మందులతో అది తెరుచుకోదు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి కొత్త వాల్వు పెడతారు. తర్వాత రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వాడాలి. ఈ వయసులో ప్రమాదం లేకపోలేదు గాని, ఆలస్యం చేస్తే అంతకన్నా ప్రమాదం."

ఇంటికొచ్చాక బుల్లియ్య ఆవిడను కాలవగట్టు మీద నడిపించాడు. కాస్త దూరం వెళ్లి గడ్డిపువ్వు కోయడానికి ఆగింది. ఇంకాస్త వెళ్లి, అవతలి గట్టున ఎవరో పిలిచారంటూ ఆగింది. అక్కడ ఎవరూ లేరు. మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది.

"ఏంటే, నా దగ్గర కూడా దాస్తావా?"

పాపాయి ఊపిరి కూడదీసుకుంది. "రొమ్ము చీల్చి మళ్లీ కుడతారటగా. రేకు చిరిగితే నేను అతికించగలనా అండీ?"

"నువ్వు రేకువా?"

"కాదనుకోండి. అక్కడ మత్తులోనే పోతే? నా మొహం ఎరిగినవాళ్లే లేని చోట..."

బుల్లియ్య బతిమాలాడు, కసిరాడు, రెండు పూటలు అన్నం మానేశాడు. చివరికి ఒప్పుకుంది. కొడుకు చంద్రరావు హైదరాబాదు వెళ్లి ఆసుపత్రి మాట్లాడి వచ్చాడు. అయితే మాఘమాసం పెళ్లిళ్ల ఆర్డర్లు పంపించాకే బయల్దేరదామంది పాపాయి. పెళ్లివారికి ఇచ్చిన మాట. బుల్లియ్య కూడా సరేనన్నాడు. కూర్చుంటే ఏమీ కావడం లేదు కదా.

ఆర్డరు మధ్యలో సూర్యకళకు చలిజ్వరం పట్టుకుంది. పాపాయి ఎవరినీ అడక్కుండా వెళ్లి పీట మీద కూర్చుంది. చూపు మసకైనా చెయ్యి తప్పలేదు. ఒక్క దగ్గు లేదు. ఎగశ్వాస లేదు. బుల్లియ్య మంట ఎగదోస్తుంటే కనుబొమ్మ ఎగరేసింది. అన్నాళ్ల తర్వాత ఆ కనుబొమ్మ చూసి ఆయనకు నవ్వొచ్చింది.

"చూశారా, పొగ నన్నేం చేసిందీ? మీ కోడలు ఇన్నాళ్లూ అన్యాయంగా నా పీట లాక్కుంది," అని లోపలికి వినపడేలా అంది.

"మూలుగుతున్నదాన్ని ఎందుకత్తయ్యగారూ ఆడిపోసుకుంటారు!" అని లోపల్నుంచి జవాబు.

రేకులు అయిపోయాయి. బుల్లియ్య పొయ్యిలో నిప్పులు లాగుతున్నాడు. చెంబెడు నీళ్లు జల్లి ఆర్పాలి. కూర్చోవే, నేను తెస్తానని ఆయన అనేలోపు పాపాయి లేచి బోరింగు దగ్గరికి వెళ్లింది. నాలుగుసార్లు కొట్టింది. బిందె ఎత్తుకుంది. బిందె పడ్డ చప్పుడుకి ఆయన వెనక్కి తిరిగేసరికి, ఆవిడ తడినేల మీద పక్కకు ఒరిగి ఉంది.

చంద్రరావు టాక్సీ తెచ్చాడు. రాజమండ్రి దారిలో బొబ్బర్లంక చేరకముందే ప్రాణం పోయింది.

శవాన్ని అరుగు మీద పడుకోబెట్టాక వీధి ఆడవాళ్లు గుమిగూడారు. ఇన్నాళ్లు మానేసి మళ్లీ కూర్చుందటమ్మా, పొగే మింగేసింది అనుకున్నారు. పోతురాజు వచ్చి అవునన్నట్టు తలూపాడు.

సూర్యకళ దుప్పటి కప్పుకునే వచ్చి అత్తగారి కాళ్ల దగ్గర పడింది. "నేనే చంపుకున్నాను మావయ్యగారూ. జ్వరమైతే ఏంటి, నేనే కూర్చోవలసింది."

బుల్లియ్య పక్కన చతికిలబడ్డాడు. "పొయ్యి దగ్గర ఏం కాలేదమ్మా. నవ్వుతూ వేసింది. లేచి వెళ్లాకే... డాక్టరుగారు చెప్పారు కదా, గుండెలో తలుపని..."

"మీరు నాకోసం అంటున్నారు," అంది సూర్యకళ.

కాదని ఆయన మళ్లీ చెప్పాడు. మర్నాడూ చెప్పాడు, పెద్దదినం అయ్యాకా చెప్పాడు. ఆమె నమ్మలేదు.